ఆ ఫిడేలు ఎవరి చేతిది?

టీవీ సీరియల్లో అత్తగారు తలుపు తోసుకుని లోపలికి వస్తుంది. కోడలి చేతిలోని పళ్ళెం కింద పడుతుంది. వెంటనే వెనకనుంచి 40 ఫిడేళ్ళు ఒక్కసారిగా ఝుమ్మంటాయి. ఇత్తడి బాకాలు గర్జిస్తాయి. చూస్తున్న మన గుండె గతుక్కుమంటుంది. వారానికి అయిదారు ఎపిసోడ్లు... మరి రోజూ ఆ 40 మందినీ పిలిపించి, కూర్చోబెట్టి వాయించుకునే స్తోమత ఏ సీరియల్ నిర్మాతకి ఉంటుంది చెప్పండి?

ఉండదు. చాలాసార్లు అక్కడ వాయించేది ఒక్క మనిషే. ముందు ఒక కంప్యూటరు, చేతి కింద ఒక కీబోర్డు. అలాగని మనం వింటున్నది ఉత్తుత్తి ఫిడేలు కూడా కాదు. ఎక్కడో, ఎప్పుడో, ఎవరో నిజంగా కమాను పట్టి వాయించినదే! ఒక్కొక్క స్వరాన్నీ విడివిడిగా రికార్డు చేసి, కంప్యూటర్లో దాచి, మీట నొక్కినప్పుడల్లా పలికేలా అమర్చి పెడతారు. అలా దాచిన స్వరాల భాండాగారాన్ని సంగీతం వాళ్ళు 'శాంపిల్ లైబ్రరీ' అంటారు. ఫిడేళ్ళు, చెలోలు, వేణువులు, బాకాలు, డోళ్ళు అన్నీ కలిపి దాస్తే అది ఆర్కెస్ట్రా లైబ్రరీ.

నేను పిల్లలకి ఫిడేలు పాఠాలు చెప్పుకునేదాన్ని. ఈ లైబ్రరీల వల్ల పని పోయినవాళ్ళూ మా ఇంట్లో ఉన్నారు, పని దొరికినవాళ్ళూ ఉన్నారు. నా చేతి స్వరాలు కూడా ఎవరి కంప్యూటర్లోనో ఉన్నాయి. అందుకే రెండు వైపులా చూసి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ఊరగాయ జాడీ లాంటిదే!

వేసవిలో మామిడికాయ దొరికినప్పుడు ఊరగాయ పెట్టుకుని ఏడాదంతా వడ్డించుకోమూ? ఇదీ అంతే. కాకపోతే ఈ జాడీ నింపడం మహా ఓపిక పని.

సరదాగా ఒక లెక్క వేద్దాం. ఫిడేలు మీద 44 స్వరస్థానాలు తీసుకున్నామనుకోండి. ఒక్కో స్వరాన్నీ మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా, ఇంకా గట్టిగా... ఇలా 4 స్థాయిల్లో వాయించాలి. ఎందుకంటే గట్టిగా వాయించిన ఫిడేలు అంటే మెల్లగా వాయించిన దాన్ని వాల్యూమ్ పెంచడం కాదు, దాని గొంతే వేరు. ఇక కమాను పొడుగ్గా లాగడం, పొట్టిగా తుంచడం, తీగమీద ఎగిరించడం, వణికించడం, వేలితో మీటడం... ఇవి 5 తీరులు. ఒక్కోదాన్నీ 4 సార్లు వాయించాలి. మొత్తం 3,520 సార్లు! అదీ ఒక్క ఫిడేలుకే.

ఒకే స్వరాన్ని 4 సార్లు వాయించడం దేనికి అంటారా? అదే రికార్డింగు మళ్ళీ మళ్ళీ వినిపిస్తే మన చెవి ఇట్టే పసిగట్టేస్తుంది. కుట్టుమిషన్‌లా టకటకటకా అని వినిపిస్తుంది. మనిషి చేయి ఏ రెండుసార్లూ అచ్చం ఒకేలా కదలదు కదా! అందుకని 4 రికార్డింగులనీ వంతులవారీగా పలికిస్తారు. దీనికి వాళ్ళ భాషలో 'రౌండ్ రాబిన్' అని పేరు.

ఇంకా ఉంది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి కమాను తెంచకుండా జారేటప్పుడు మధ్యలో వచ్చే ఆ కొంచెం నాదాన్ని కూడా విడిగా రికార్డు చేస్తారు. దాన్ని 'లెగాటో' అంటారు. వాద్యం దగ్గర ఒక మైకు, కండక్టర్ తల పైన కొన్ని, హాలు వెనక కొన్ని పెడతారు. ఏ మైకు ఎంత వినిపించాలో తర్వాత మనమే కలుపుకోవచ్చు. వాయించడం అయిపోయాక కూడా గదిలో మోత పూర్తిగా అణిగేదాకా ఎవ్వరూ కదలకూడదు. కుర్చీ కిర్రుమన్నా, ఎవరైనా దగ్గినా మళ్ళీ మొదలే!

టేపు ముక్క నుంచి మొదలై...

ఇది నిన్నామొన్నటి ఆలోచన కాదు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 1963లో మెల్లోట్రాన్ అనే వాద్యం తయారైంది. హార్మోనియం మెట్లలాగే మెట్లు. ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క. నొక్కితే దానిమీద రికార్డు చేసిన ఫిడేళ్ళో వేణువో పలికేది. సుమారు 8 సెకన్లు, అంతే. తర్వాత టేపు అయిపోయేది! 1967లో బీటిల్స్ బృందం 'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫర్ ఎవర్' పాట మొదట్లో వినిపించే వేణునాదం దీని మీద వాయించిందే.

1979లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నుంచి ఫెయిర్‌లైట్ అనే కంప్యూటర్ వాద్యం వచ్చింది. ఏ శబ్దాన్నయినా లోపల దాచుకుని మీట మీద పలికించగలిగేది. ఖరీదు వింటే కళ్ళు తిరిగేవి. దాన్ని మొదట్లోనే చేతపట్టిన వాళ్ళలో ఒక అమ్మాయి ఉంది. ఇంగ్లీషు గాయని కేట్ బుష్. తన 1980 ఆల్బమ్‌లోని 'బబూష్కా' పాట కోసం గాజుసామాను పగిలిన చప్పుడుని అందులో దాచి సంగీతంగా వాడుకుంది. మన ఇంట్లో గ్లాసు పగిలితే నష్టం, ఆవిడ ఇంట్లో పగిలితే పాట!

మన సీరియళ్ళలో 'ధడేల్' మని వినిపించే ఆర్కెస్ట్రా దెబ్బ ఉంది చూశారూ, దానికి ముత్తాత కూడా ఆ ఫెయిర్‌లైట్‌లోదే. స్ట్రవిన్‌స్కీ అనే రష్యన్ విద్వాంసుడి 'ఫైర్‌బర్డ్' నాట్య సంగీతం రికార్డింగులోంచి ఒక్క ముక్క తీసి దాచారు. 1980లలో ఆ ఒక్క ముక్క ఎన్ని పాటల్లో వినిపించిందో! ఆ రోజు కమాను పట్టినవాళ్ళెవరో మాత్రం అది వినేవాళ్ళలో ఎవరికి తెలుసు?

1990లలో చెక్ దేశపు బేస్ వాద్యకారుడు మిరోస్లావ్ విటౌస్, ప్రేగ్ నగరంలో చెక్ ఫిల్హార్మోనిక్ వాద్యకారుల చేత వాయించి పెద్ద ఆర్కెస్ట్రా లైబ్రరీ తయారుచేశాడు. 1998లో గిగాశాంప్లర్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక కంప్యూటర్ హార్డ్‌డిస్కు నుంచే నేరుగా శబ్దాన్ని పలికించడం వీలైంది. అంతకుముందు కొన్ని క్షణాల నాదం దాచడానికే చోటు చాలేది కాదు. ఆ తర్వాత ఇక అడ్డూ ఆపూ లేదు. 2000లో ఆస్ట్రియా దేశంలో వియన్నా సింఫోనిక్ లైబ్రరీ మొదలైంది. 2019లో లండన్‌లోని స్పిట్‌ఫైర్ ఆడియో వాళ్ళు ఏకంగా బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రాని మొత్తం రికార్డు చేసి లైబ్రరీగా పెట్టారు.

అమ్మాయిలకు తలుపు మూసిన చోట...

వియన్నా అన్నాం కాబట్టి ఇంకో సంగతి. అదే ఊళ్ళో ప్రపంచ ప్రసిద్ధి పొందిన వియన్నా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా ఉంది. దాంట్లో ఆడవాళ్ళని సభ్యులుగా చేర్చుకున్నది ఎప్పుడో తెలుసా? 1997లో! హార్ప్ వాయించే అన్నా లెల్కెస్ మొదటి సభ్యురాలు. ఆవిడ 1970ల నుంచే వాళ్ళతో కలిసి వాయిస్తోంది. వాయించడానికి చెయ్యి కావాలి గానీ జాబితాలో పేరు మాత్రం వద్దన్నమాట. జర్మనీలోని బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌లో మొదటి స్త్రీ చేరింది 1982లో. అదే సమయంలో క్లారినెట్ వాయించే సబీన్ మేయర్‌ని తీసుకుందామని సాక్షాత్తూ కండక్టర్ కరాయన్ పట్టుబడితే, సభ్యులు ససేమిరా అన్నారు. కొన్ని నెలలకే ఆవిడ వెళ్ళిపోయింది.

వాయించడానికే ఇన్ని అడ్డంకులుంటే, ఎదురుగా నిలబడి ఆ బృందం చేత తన సంగీతం వాయించుకోవడం ఒక ఆడదానికి ఎంత కష్టమో ఊహించుకోండి. మన తెలుగు సినిమానే చూడండి. 1968లో సావిత్రి గారు 'చిన్నారి పాపలు' తీసినప్పుడు పి. లీల గారు సంగీతం ఇచ్చారు. ఆ తర్వాత 1990లలో ఎం.ఎం. శ్రీలేఖ వచ్చారు. ఇంకెన్ని పేర్లు గబుక్కున చెప్పగలం? వేళ్ళ మీద లెక్కే. చదువుకున్న ఆడపిల్లలు లేకా? కాదు. రికార్డింగ్ థియేటరు, పాతిక ముప్ఫై మంది వాద్యకారులు, అర్ధరాత్రి దాకా పని, చేతిలో పెట్టుబడి... ఇవన్నీ దాటాలి.

ఇప్పుడు మా అక్క కూతురుంది. ఇద్దరు పిల్లల తల్లి, హైదరాబాద్‌లో కాపురం. పిల్లలు పడుకున్నాక హెడ్‌ఫోన్లు తగిలించుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. చిన్న సినిమాలకీ, ప్రకటనలకీ, పిల్లల పాటలకీ సంగీతం కడుతుంది. "పిన్నీ, రాత్రి 11 గంటలకి 60 మంది ఆర్కెస్ట్రాని మా పడగ్గదికి పిలిపించగలిగేది నేనొక్కదాన్నే!" అంటుంది నవ్వుతూ. నిజమే! స్టూడియోకి రాత్రిపూట వెళ్ళాలా, ఎవరు తోడు వస్తారు, వంట ఎవరు చేస్తారు అన్న ప్రశ్నలే లేవు. బాగా లేకపోతే చెరిపేసి మళ్ళీ కట్టుకుంటుంది. 60 మందికి టీలు తాగించనక్కర్లేదు, వాళ్ళ ముందు సిగ్గుపడనక్కర్లేదు.

ఇంగ్లండులో ఫెయిర్‌లైట్ యంత్రంతో 1983లో మొదలైన ఆర్ట్ ఆఫ్ నాయిస్ బృందంలో ఆన్ డడ్లీ అనే ఆవిడ ఉండేది. 1998లో 'ది ఫుల్ మాంటీ' చిత్రానికి సంగీతం ఇచ్చి ఆస్కార్ అందుకుంది. యంత్రంతో పని చేసినంత మాత్రాన సంగీతం తెలియనివాళ్ళని కాదు కదా!

మరి ఆ కాల్షీట్లు?

నాణేనికి రెండోవైపు మా బాబాయి. మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో దాదాపు 30 ఏళ్ళు ఫిడేలు వాయించాడు. ఉదయం 7 గంటల కాల్షీటు అంటే 6 గంటలకే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫిడేలు పెట్టెతో బస్టాపులో ఉండేవాడు. వారానికి అయిదారు పాటలుండే రోజులు. 1992లో 'రోజా'తో ఎ.ఆర్. రెహమాన్ వచ్చాక దక్షిణాది సినిమాలో కీబోర్డు, కంప్యూటర్ల పద్ధతి బలపడింది. క్రమంగా బాబాయికి వారానికి ఒకటి, తర్వాత నెలకి ఒకటి అయ్యాయి కాల్షీట్లు. పిన్ని ఇంట్లో అప్పడాలు ఒత్తి షాపులకి వేసిన రోజులు నాకు తెలుసు. ఇలాంటి ఇళ్ళు ఎన్నో. 1982లోనే లండన్ వాద్యకారుల యూనియన్ శాఖ ఒకటి, సింథసైజర్లని నిషేధించాలని తీర్మానం చేసింది. వాళ్ళ భయం ఉట్టి భయం కాదు.

అయితే కథ అక్కడితో ఆగలేదు. అదే రెహమాన్ 2008లో చెన్నైలో కె.ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీ పెట్టి, పేద పిల్లలకి ఫిడేలు, చెలో నేర్పించి సన్‌షైన్ ఆర్కెస్ట్రా తయారుచేశారు. దుబాయ్ ఎక్స్‌పో సందర్భంగా 2021లో వినిపించిన ఫిర్దౌస్ ఆర్కెస్ట్రాకి కూడా ఆయనే మార్గదర్శి. అందులో అందరూ ఆడవాళ్ళే! యంత్రం ఎంత పెరిగినా, పక్కపక్కన కూర్చుని ఒకరి ఊపిరి ఒకరు వింటూ వాయించే మనుషుల అవసరం తీరలేదన్నమాట.

బాబాయిని ఒకసారి అడిగాను, ఈ లైబ్రరీల మీద కోపం రాదా అని. "యంత్రం మీద కోపమెందుకమ్మా? దాంట్లో వాయించినవాడికి కూలి ముట్టిందా లేదా, అది చెప్పు ముందు" అన్నాడు.

అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఒక్క రోజు కూలి

2004లో నన్ను ఒక స్టూడియో వాళ్ళు పిలిచారు. పాట లేదు, రాగం లేదు. ఒక్కొక్క స్వరాన్నీ మెల్లగా, గట్టిగా, పొడుగ్గా, పొట్టిగా వాయించమన్నారు. పొద్దున్నించి సాయంత్రం దాకా అదే పని. మెడ పట్టేసింది. సాయంత్రం ఒక రోజు కూలి చేతిలో పెట్టారు. ఏ కాగితమూ చూపించలేదు, దేనికి వాడతారో చెప్పనూ లేదు.

రెండేళ్ళ తర్వాత టీవీలో ఒక నగల ప్రకటన వస్తోంది. వెనకాల ఫిడేలు. మంద్రం తీగ మీద ఒకచోట నా ఫిడేలుకి చిన్న గరగర ఉంది, ఎన్నిసార్లు బాగు చేయించినా పోలేదు. బిడ్డ ఏడుపు తల్లికి తెలియదా! అది నా ఫిడేలే. ఆ తర్వాత ఒక సీరియల్లో విన్నాను. ఆ స్టూడియోకి ఫోను చేస్తే, "అప్పుడే డబ్బులిచ్చేశాం కదమ్మా" అన్నారు.

పాట వాయించి డబ్బు తీసుకుంటే ఆ పాటతో లెక్క సరి. కానీ స్వరాలు దాచి ఇస్తే, వాటితో నేను ఎన్నడూ వాయించని పాటలు వెయ్యి కట్టొచ్చు. నేను నిద్రపోతున్నా నా చెయ్యి పనిచేస్తూనే ఉంటుంది. దానికి ఒక్క రోజు కూలి ఎలా సరిపోతుంది? ఇంట్లో ఆడవాళ్ళ చాకిరీకి లెక్కా పత్రం ఉండదని వాపోతాం కదా, ఇదీ ఆ బాపతే.

అన్నిచోట్లా ఇలాగే ఉండాలనేం లేదు. వాయించినవాళ్ళకి అమ్మకాల్లో రాయల్టీ వాటా ఇస్తామని స్పిట్‌ఫైర్ వాళ్ళు బహిరంగంగానే చెప్పుకున్నారు. మన దేశంలో కూడా 1994లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు ప్రదర్శకుల హక్కులు చేర్చారు. 2012 సవరణ వాటిని ఇంకా బలపరిచింది. ఇది వాయించింది నేను అని చెప్పుకునే హక్కు కూడా అందులో ఉంది. కాబట్టి సంగీతం నేర్చిన మన అమ్మాయిలని ఎవరైనా ఇలా స్వరాలు వాయించమని పిలిస్తే, కమాను పట్టకముందే కాగితం అడగాలి. దేనికి వాడతారు, ఎన్నాళ్ళు వాడతారు, ఇంకొకరికి అమ్మితే నా వాటా ఎంత, పేరు వేస్తారా... ఈ నాలుగూ రాసి ఇవ్వమనాలి. మొహమాటపడితే కుదరదు.

ఈ మధ్య కృత్రిమ మేధ అంటూ ఇంకో యంత్రం వచ్చింది. రికార్డు చేసిన సంగీతాన్ని చదువుకుని, తానే కొత్తది అల్లేస్తుంది. లైబ్రరీలో కనీసం ఒక మనిషి వాయిస్తే ఇంకో మనిషి పాట కడుతుంది. అందులో ఆ మాత్రం కూడా లేదు. కాబట్టి 'ఈ రికార్డింగులని అలాంటి యంత్రానికి నేర్పడానికి వాడరాదు' అన్న అయిదో మాట కూడా కాగితంలో ఉంటే మంచిది.

తోడి గాంధారం దొరకలేదు

ఎన్ని వేల స్వరాలు దాచినా, మన సంగీతం దగ్గరికొచ్చేసరికి ఈ లైబ్రరీలు తెల్లమొహం వేస్తాయి. అవి పాశ్చాత్య సంగీతం కోసం పుట్టినవి. అక్కడ స్వరం ఒకచోట నిలబడుతుంది. మనకి స్వరం నిలబడదు, ఊగుతుంది. తోడి రాగంలో గాంధారం ఎక్కడుందంటే వేలు పెట్టి చూపించలేం. రెండు స్వరాల మధ్య ఊగే ఆ ఊపే గాంధారం. మీట నొక్కి, పక్కనున్న చక్రం తిప్పి ఆ గమకం తెప్పించాలని మా అక్క కూతురు మూడు రాత్రులు కుస్తీ పట్టింది. రాలేదు. నాలుగో రోజు, "పిన్నీ, ఈ ఒక్క ముక్కా నువ్వు వాయించి పెట్టవూ" అంది.

వెనకాల లైబ్రరీలోని 40 ఫిడేళ్ళు, ముందు నా ఒక్క ఫిడేలు. విన్నవాళ్ళు అన్నీ నిజమైనవే అనుకున్నారట! ఇది సంగీత దర్శకులందరికీ తెలిసిన చిట్కాయే. పైన ఒక్క సజీవ వాద్యం ఉంటే కింద ఉన్నదానికంతటికీ ప్రాణం వస్తుంది. ఆ ముక్కకి మా అమ్మాయి నాకు డబ్బిచ్చింది, కాగితం మీద సంతకమూ పెట్టింది. సినిమా చివర్లో నా పేరూ వేయించింది.

మీరూ ప్రయత్నిస్తారా?

● మామూలు కంప్యూటరు, చిన్న మిడి కీబోర్డు, మంచి హెడ్‌ఫోన్లు ఉంటే మొదలుపెట్టొచ్చు. పెద్ద లైబ్రరీలకి మాత్రం డిస్కులో చోటు, మెమొరీ ఎక్కువ కావాలి.

● మొదట్లోనే వేలు పోసి కొననక్కర్లేదు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం 1997 నుంచి వాద్యాల స్వరాలని ఉచితంగా అందిస్తోంది. బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా లైబ్రరీకి కూడా డిస్కవర్ అనే చిన్న రూపం ఉంది.

● దొంగ కాపీల జోలికి వెళ్ళకండి. అందులో వాయించినవాళ్ళ కష్టం ఉంది.

● లైసెన్సు చదవండి. మామూలుగా మనం కట్టిన పాట మనదే. కానీ అందులోని స్వరాలనే మళ్ళీ లైబ్రరీగా అమ్మడానికి ఒప్పుకోరు.

● మీట నొక్కి ఊరుకోకండి. వేణువు వాయించేవాళ్ళు ఊపిరి తీసుకోవాలి, కమాను ఒక చివరికొచ్చాక తిరగాలి. ఆ మనిషిని మనసులో పెట్టుకుని కడితేనే వినసొంపుగా ఉంటుంది.

● డబ్బు చేతికి వచ్చినప్పుడు ఒక్క పాటకైనా ఒక్క వాద్యకారుడినైనా, వాద్యకారిణినైనా పిలిచి వాయించుకోండి.

సంగీతం కాలేజీలో డిప్లొమా చేసి, పెళ్ళయ్యాక ఫిడేలుని అటక మీద పెట్టేసిన అమ్మలు మన వీధివీధినా ఉన్నారు. ఈ పెట్టె వాళ్ళకి మళ్ళీ ఒక దారి చూపిస్తోంది. ఆ దారిన వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. మీట నొక్కినప్పుడు పలికే నాదం వెనక ఒక చెయ్యి ఉందని మాత్రం మరిచిపోకండి. ఆ చెయ్యి మీదైతే లెక్క అడగండి, ఎదుటివారిదైతే లెక్క ఇవ్వండి. అంతకన్నా ఎక్కువ ఎవరూ కోరడం లేదు. ఏమంటారు?